చార్నాకు గోరీ రాయి ఎక్కడిది?

కలకత్తా నగరమున రాయి లేదు. ఈ మాట విన్నవారు నవ్వుదురు. పెద్ద కచేరీల మెట్లు, మైదానమందలి విగ్రహముల పీఠములు, విక్టోరియా స్మారక మందిరపు పాలరాతి గోడలు రాళ్లు కావా యని అడుగుదురు. రాళ్లే. కాని వానిలో ఒక్కటియు ఈ నేలలో పుట్టినది కాదు.

మన దేశమునుండి బదిలీపై ఇచటికి వచ్చిన వానికి ఈ లోటు కొన్నాళ్లకు గాని తెలియదు. మనకు ఊరికొక గుట్ట యుండును. పొలము గట్టున సరిహద్దు రాయి, ఊరి నడుమ బొడ్రాయి, చెరువు కట్ట మీద వీరగల్లు, ఇంటిలో రోలు, తిరుగలి, సన్నికల్లు. చేయి చాచిన చోట రాయి తగులును. ఇచటనో, వీథి ప్రక్క మర్రిచెట్టు మొదట జానెడు నల్లరాయి యున్నను దానికి సిందూరము పూసి పూలు పెట్టుదురు. భక్తి మాట అట్లుంచుదము. ఆ రాయి అక్కడికి ఎట్లు వచ్చెనని అడిగినచో ఆ వీథివారు ‘మా తాతల నాటినుండి ఉన్నది’ అందురు. అంతకు మించి చెప్పరు. ఒండ్రునేల మీద రాయి యనునది తనంతట తాను ఒక వింత.

1835వ సంవత్సరమున ప్రభుత్వమువారు ఫోర్టు విలియము కోటలో మంచినీటికై బోరు వేయింప మొదలిడిరి. పని అయిదేండ్లు సాగినది. 1840లో నిలిపివేయునప్పటికి 481 అడుగుల లోతు పోయిరి. బంకమన్ను, ఇసుక, కుళ్లిన చెట్లతో నల్లబడిన మట్టి, గులకల పొరలు కనబడినవే గాని గట్టి బండ తగులలేదు. గంగా బ్రహ్మపుత్రలు యుగయుగములుగా తెచ్చి పోసిన ఒండ్రు ఇచట కిలోమీటర్ల లెక్కన పేరుకొని యున్నదని నేటి భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కాబట్టి ఈ నగరమున కనబడు ప్రతి రాయియు ప్రవాసియే. దానికి వేరొక చోట పుట్టినిల్లు ఉండితీరవలెను. దానిని ఓడ మీదనో బండి మీదనో ఎవరో పనిగట్టుకొని తెచ్చి యుండవలెను.

రాయి ఇచట ఎంత అపురూపమో తెలిసికొనుటకు సెయింటు జాన్సు చర్చి కథ చాలును. ఒకప్పటి డల్హౌసీ స్క్వేరు, నేటి వినయ బాదల దినేశ బాగు, అనగా బి.బి.డి. బాగు, అచటి కచేరీలలో పనిచేయువారు మధ్యాహ్న విరామమున నడచి పోయి తిరిగి రాదగినంత దూరములోనే ఆ చర్చి యున్నది. 1784లో శంకుస్థాపన జరిగి 1787లో పూర్తియైనది. స్థలమును మహారాజా నవకృష్ణ దేవు ఇచ్చెను. కట్టడమునకు కావలసిన రాతిలో కొంత భాగమును శిథిలమైయున్న ప్రాచీన గౌడనగరమునుండి ఊడదీసి తెప్పించిరి. ఒక రాజధానిని విప్పి వేరొక రాజధానిని కట్టుట చరిత్రలో క్రొత్త గాదు గాని, మసీదులకును సమాధులకును చెక్కిన రాళ్లు ఈ చర్చి నేలపై పరచబడుట చూచినప్పుడు మనస్సు ఒక్క క్షణము ఆగును. బెంగాలీలు ఈ దేవాలయమునకు పెట్టిన పేరు ‘పాథురే గిర్జా’, అనగా రాతి చర్చి. మన వైపు రాతి గుడి యని ఏ గుడికిని ప్రత్యేకముగా పేరు పెట్టరు. రాతితో కట్టుటయే విశేషమైన ఊరిలో మాత్రమే అట్టి పేరు పుట్టును.

చర్చి కంటె ముందే ఆ స్థలము ఆంగ్లేయుల శ్మశానము. అందు ఎనిమిది పలకలు గల ఒక కట్టడమున్నది. పైన గుమ్మటము, చుట్టును కమానులు. చూచుటకు తురుష్కుల గోరీవలె నుండును. అది జోబు చార్నాకు సమాధి. అతని అల్లుడు చార్లెసు ఐరు దానిని 1695 ప్రాంతమున కట్టించెను. నగరమున నిలిచియున్న మిక్కిలి పాత కట్టడములలో ఇది యొకటి.

చార్నాకు కథ చాలమంది యెరుగుదురు గనుక క్లుప్తముగా చెప్పెదను. ఈస్టిండియా కంపెనీ కొలువులో కాశింబజారు, పాట్నా, హుగ్లీలలో ముప్పదేండ్లకు పైగా గడపి, 1690 ఆగస్టు 24న సూతానుటి రేవున దిగెను. ఆ గ్రామముతోపాటు కలికాతా, గోవిందపురములను కంపెనీవారు 1698లో సావర్ణ రాయచౌధురీల వద్ద 1300 రూపాయలకు పొందిరి. అప్పటికి చార్నాకు లేడు. అతడే నగర స్థాపకుడని చిరకాలము పాఠ్యపుస్తకములు చెప్పినవి. 2003లో కలకత్తా హైకోర్టు ఆ మాట సరికాదనియు, ఆగస్టు 24 నగర జన్మదినము కాదనియు తీర్పు చెప్పెను. ఊళ్లు ఒక మనిషి దిగినంతనే పుట్టవు గదా. రేవు, సంత, నేతగాండ్రు అంతకు ముందే యుండిరి.

గోరీ లోపల నల్లని రాతిపలక మీద లాటిను భాషలో శాసనమున్నది. ఇతడు బంగాళ రాజ్యమున ఆంగ్లేయుల ప్రతినిధిగా నుండెననియు, తనది కాని నేల మీద చిరకాలము తిరుగాడి 1692 జనవరి 10న తన శాశ్వత గృహమునకు మరలెననియు దాని సారాంశము. ఇంగ్లండున ఆ కాలమున సంవత్సరాది మార్చి 25 గనుక, మన లెక్కలో అది 1693 జనవరి యగును. అదే పలక మీద అతని పెద్ద కుమార్తె, ఐరు భార్యయైన మేరీ పేరును కలదు. ఆ పిల్లల తల్లి పేరు మాత్రము లేదు. చితిమీదనుండి చార్నాకు తప్పించి తెచ్చిన హిందూ స్త్రీ ఆమె యనియు, ఆమె చనిపోయిన పిదప ఏటేట ఆమె సమాధి మీద కోడిని బలి యిచ్చెడివాడనియు అలెగ్జాండరు హామిల్టను అను నావికుడు వ్రాసినాడు. ఓడవాండ్రు చెప్పుకొను కథలను ఎంతవరకు నమ్మవలెనో పాఠకులే నిర్ణయింపవచ్చును. శాసనము మాత్రము ఆమెను గూర్చి మాటాడదు.

1892లో హైడు అను క్రైస్తవ పురోహితుడు ఈ గోరీ క్రింద త్రవ్వించి చూచెను. కొన్ని ఎముకలు కనబడినంతనే పని నిలిపి మరల పూడ్పించెను. క్రింద మనిషి యున్నాడన్న సంగతి తేలినది. మీది రాయి సంగతి అప్పటికి ఇంకను తేలలేదు. ఇన్నూరేండ్లుగా వేలమంది చూచిన ఆ నల్లపలక ఏ కొండలోనిదో శాసనములో వ్రాయలేదు. చెక్కినవాని పేరు గాని, మోసినవారి పేర్లు గాని, ఓడ పేరు గాని దాని మీద లేవు.

ఆ ముడి విప్పినవాడు చరిత్రకారుడు కాడు. భారత భూవిజ్ఞాన సర్వే శాఖలో ఉద్యోగి, థామస్ హెన్రీ హాలండు. 1890లో ఆ శాఖలో చేరినప్పటికి ఇరువది రెండేండ్ల యువకుడు. రాతిని కాగితము కంటె పలుచగా అరగదీసి, దాని గుండ వెలుతురు పంపి సూక్ష్మదర్శినిలో చూచు విద్య అప్పటికి మన దేశమున క్రొత్తది. అట్లు చూచినప్పుడు రాతిలోని ప్రతి ఖనిజము తన రంగుతో తన ఆకారముతో బయటపడును. చార్నాకు పలకలో స్ఫటికము, ఫెల్‌స్పారు కనబడినవి. వానితోపాటు హైపర్‌స్థీను అను ముదురు ఖనిజము కనబడినది. సాధారణపు నల్లరాతి కూర్పు ఇది కాదు. చూపునకు నీలి నలుపు; క్రొత్తగా పగిలిన చోట నూనె రాచినట్లు మెరయును. సరిగా ఇట్టి కూర్పు గల రాయి మదరాసునకు సమీపమున పల్లావరము, పరంగిమల గుట్టలలో నున్నది. హాలండు 1893లో ఈ గోరీ రాతిని గూర్చి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. ఆ జాతి రాళ్లకన్నిటికిని ‘చార్నొకైటు’ అని పేరు పెట్టెను. తానెరుగకయే ఆ రాతి నమూనాను రాజధానికి రప్పించినవాడు చార్నాకు గనుక ఆ పేరు తగునని అతని యభిప్రాయము. 1900లో ఆ రాళ్లను గూర్చి పెద్ద గ్రంథమే వ్రాసెను. నేడు అంటార్కిటికాలోను, నార్వేలోను, ఆఫ్రికాలోను ఆ రాయి దొరికినప్పుడు శాస్త్రజ్ఞులు కలకత్తాలోని ఒక గోరీ పేరే చెప్పుచున్నారు. నగర స్థాపకుడను బిరుదును న్యాయస్థానము తీసివేసినను ఈ బిరుదు చార్నాకునకు మిగిలినది.

ఆ శాఖ 1851లో ఈ నగరముననే పుట్టి, నేటికిని ఇచటనే ప్రధాన కార్యాలయము కలిగియున్నది. ఒక కచేరీ ఉద్యోగి కార్యాలయమునకు కొలది దూరమున అందరు చూచి పోవు రాతిని మరల నొకసారి చూచుట వలన ఇంత జరిగినదన్న మాట మన వంటి ఉద్యోగులకు కొంత ఉత్సాహము కలిగింపక మానదు.

రాయి మదరాసుదని తేలిన పిమ్మట, అది ఎందుకు అంత దూరమునుండి వచ్చెనను ప్రశ్నకు సమాధానము కష్టము కాదు. ఆనాటి సూతానుటి కంపెనీ లెక్కలో మదరాసు కోటకు లోబడిన చిన్న స్థావరము. బంగాళము ప్రత్యేక ప్రెసిడెన్సీ యైనది 1700 ప్రాంతముననే. మొగలులతో కలహించి 1688లో బంగాళము విడిచినప్పుడు చార్నాకు పరివారముతో చేరినది మదరాసునకే. అతని ముగ్గురు కుమార్తెలకు 1689 ఆగస్టులో జ్ఞానస్నానము జరిగినది అచటి సెయింటు మేరీ చర్చిలోనే. అందుచేత మామగారికి గోరీ కట్టదలచిన ఐరు, ఒండ్రునేలలో దొరకని రాతికై మదరాసు వైపు చూచుట సహజము.

తెలుగువారము గనుక మరియొక సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును. కంపెనీవారు బంగాళ తీరమునకు మొదట దారి కట్టినది మన బందరునుండియే. 1611లో మచిలీపట్టణమున వారి వర్తకశాల ఏర్పడినది. 1633లో అచటినుండి ఎనిమిదిమంది ఆంగ్లేయులు ఒక నాటు పడవ మీద ఒరిస్సా తీరమునకు పోయి మొగలు అధికారిని దర్శించిరి. బాలేశ్వరము, హుగ్లీ, కడపట సూతానుటి ఆ ప్రయాణమునకు కొనసాగింపులే.

ఇంతవరకు వచ్చిన పిమ్మట, ఆ రాయి బందరు మీదుగా మన కొండలనుండియే వచ్చియుండరాదా యని కొందరికి ఆశ పుట్టవచ్చును. చార్నొకైటు మనకు కొరత గాదు. కొండపల్లి గుట్టలలో కలదు. విశాఖ మన్యమునుండి శ్రీకాకుళము వరకు తూర్పు కనుమలలో విస్తారముగా కలదు. కొండపల్లి బొమ్మలను ఇంట అలంకరించుకొనువారిలో ఎందరికి కొండపల్లి రాయి తెలియునో నాకు సందేహమే. కాని అభిమానము వేరు, సాక్ష్యము వేరు. పల్లావరపు రాయి ఇంచుమించు 250 కోట్ల యేండ్లనాటిది. మన తూర్పు కనుమల చార్నొకైటులో అధికభాగము దానికంటె చాల చిన్నది, సుమారు 100 కోట్ల యేండ్లది. జాతి యొక్కటి, పుట్టుక వేరు. హాలండు పోల్చి చూపినది పల్లావరపు రాతితోనే గనుక మనము దానినే అంగీకరింపవలెను.

అయినను ఆ పల్లావరము తెలుగునకు కేవలము పరాయి చోటు కాదు. అచటి గుట్టలో పల్లవరాజైన మొదటి మహేంద్రవర్మ ఏడవ శతాబ్దమున తొలిపించిన గుహాలయమొకటి యున్నది. తరువాతి కాలమున అది ముసల్మానుల ప్రార్థనాస్థలమైనది. దాని స్తంభముల మీద ఆ రాజు బిరుదములు వరుసగా చెక్కబడియున్నవి. సంస్కృత బిరుదముల నడుమ తెలుగు మాటల బిరుదములును కలవు. చార్నాకు పలక మీద లాటిను అక్షరములు పడుటకు వేయి యేండ్లకు ముందే ఆ కొండ తెలుగు మాటను మోసినది. ఆ కొండ ప్రాంతముననే 1863లో, సర్వే శాఖకే చెందిన రాబర్టు బ్రూసు ఫూటు ఆదిమానవుని రాతి పనిముట్టును కనుగొని మన దేశపు పూర్వచరిత్రకు తలుపు తెరచెను.

ఇక సెయింటు జాన్సు ఆవరణకే మరలి, వేరొక స్తంభమును చూడవలెను. ఇది తెల్లని పాలరాయి. ఒకప్పుడు రోడ్డు ప్రక్కన, రైటర్సు బిల్డింగు మూల నిలిచియుండెడిది. చార్నాకు పలక పుట్టుక తెలియని రాయి. చెప్పిన మాట నమ్మదగినది. ఇది అందుకు విరుద్ధము. ఎవరు పెట్టిరో ఎప్పుడు పెట్టిరో స్పష్టముగా తెలియును. చెప్పు మాటయే సందేహాస్పదము.

1756 జూన్ 20న సిరాజుద్దౌలా పాత కోటను పట్టుకొనిన రాత్రి, ఒక చిన్న గదిలో 146 మందిని బంధింపగా తెల్లవారునప్పటికి 123 మంది ఊపిరాడక మరణించిరని హాల్‌వెల్లు వ్రాసెను. తానును ఆ గదిలో నుండి బ్రతికినవాడనని చెప్పుకొనెను. 1760 ప్రాంతమున సొంత వ్యయముతో ఒక స్తంభము నెత్తించెను. అది ఇటుకసున్నముల కట్టడము. రాయి లేని ఊరు గదా. పాడుపడిపోగా 1821లో ప్రభుత్వమే తొలగించినది. ఎనుబదేండ్ల తరువాత కర్జను ప్రభువు దానికి మారు పాలరాతి స్తంభము చేయించి 1902లో ఆ మూలనే నిలిపెను.

ఆ గది కొలత 18 అడుగులు, 14 అడుగుల 10 అంగుళములు అని హాల్‌వెల్లు లెక్కయే. అనగా 267 చదరపు అడుగులు. మనిషికి రెండు చదరపు అడుగులైనను రాదు. భోలానాథ చంద్రుడు అను బెంగాలీ రచయిత అంత స్థలమునకు వెదురు దడి కట్టించి, తన రైతులను అందులో నిలిపి చూచి, 146 మంది పట్టరని తేల్చెను. గ్రంథములు తిరుగవేయుటకు బదులు దడి కట్టి చూచిన ఈ పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. అక్షయకుమార మైత్రేయుడు తన సిరాజుద్దౌలా చరిత్రలో కథను ఖండించెను. 1915లో లిటిలు అను ఆంగ్లేయుడే హాల్‌వెల్లు సత్యసంధతను ప్రశ్నించెను. తరువాతి పరిశోధకులలో బ్రిజెన్ గుప్త, గదిలో 64 మంది యుండి 21 మంది బ్రతికిరని లెక్క కట్టెను. మరణములు జరుగలేదని కాదు. రాతి మీది లెక్క రాతి కారణముననే నిజము కానేరదని మాత్రము తేలినది. 1940 జులై 3న సిరాజుద్దౌలా దినము జరిపి ఈ స్తంభమును తొలగింపవలెనని సుభాష చంద్ర బోసు పిలుపునిచ్చెను. ముందునాడే ఆయనను నిర్బంధించిరి. హిందువులు, ముసల్మానులు కలిసి నడపిన ఉద్యమము ఆగలేదు. ఫజులుల్ హక్కు మంత్రివర్గము తొలగింపునకు అంగీకరింపగా, స్తంభము ఆ సంవత్సరమే రోడ్డునుండి చర్చి ఆవరణలోనికి చేరినది. నేడు దానిని చూడబోవువారు అరుదు.

కలకత్తాను తిరిగి పట్టుకొనుటకు 1756 అక్టోబరు 16న మదరాసునుండి బయలుదేరిన ఓడలలో సుమారు 900 మంది ఐరోపీయులు, 1500 మంది సిపాయిలు నుండిరి. 1757 జనవరి 2న నగరము వారి వశమైనది. నౌకాదళాధిపతి వాట్సను ఆ సంవత్సరము ఆగస్టులోనే మరణించి, ఇదే ఆవరణలో శిలాస్మారకముతో పండియున్నాడు. క్లైవునకు విగ్రహములు లేచినవి. ఆ సిపాయిలను బంగాళమున ‘తెలంగాలు’ అనిరి. తెలుగు నేలనుండియు, దాని దక్షిణముననున్న కర్ణాటక సీమనుండియు వచ్చినవారగుటచే పుట్టిన పేరది. కొలది కాలముననే అది జాతినామము పోయి, ఆంగ్లేయుల దుస్తులు ధరించిన ప్రతి సిపాయికిని వర్తించినది. బీహారీయును తెలంగాయే, అవధువాడును తెలంగాయే. 1758లో ఫోర్డు వెంట బంగాళమునుండి విశాఖపట్టణమునకు వచ్చి డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారితో పోరాడినది ఈ పేరు మోసిన సిపాయిలే. తెలుగు పేరుతో తెలుగుదేశమునకు వచ్చిన ఆ పటాలములో తెలుగు తెలిసినవారెందరో! ప్లాసీలో కంపెనీ వైపు చచ్చినవారు ఇరువది మంది చిల్లర. వారిలో అధికులు సిపాయిలు. సెయింటు జాన్సు ఆవరణలోని రాళ్లను ఒకటి తరువాత నొకటి చదువుచు పోయినను వారిలో ఒక్కని పేరును నాకు కనబడలేదు. వారి పేరు నిలిచినది రాతిలో కాదు, బెంగాలీ, హిందీ భాషలలోని ఒక పాత మాటలో.

మదరాసు వైపు పోయినవారు సెయింటు థామస్ మౌంటు, అనగా పరంగిమల వద్ద ఆగి చూడవచ్చును. అచట చార్నొకైటు బయటపడిన తావును భూవిజ్ఞాన సర్వే శాఖవారు జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగ గుర్తించినారు. చుట్టుప్రక్కల పల్లావరము, త్రిశూలము గుట్టలను కంకరకై ఏండ్ల తరబడి పగులగొట్టగా పెద్ద గుంతలు పడి వాననీటితో నిండియున్నవి. ఇచట గోరీ చూడబోవువారు వెలుతురు బాగుగా నున్నప్పుడు పోవలెను, వీలైన చేతిలో దీపము కూడ నుండవలెను. ఎదుటినుండి చూచినచో ఆ పలక ఉత్త నల్లరాయి. ప్రక్కనుండి వెలుతురు పడినప్పుడే దాని నీలిమ తెలియును.